మిథైల్ పడిన డీఎన్‌ఏను ప్రొటీన్ ఎట్లా పట్టుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పిల్లలకు మాలిక్యులర్ బయాలజీ చెప్తుంటాను. ఏటా ఎపిజెనెటిక్స్ (అక్షరాలు మారకుండానే జన్యువుల పనితీరు మారే సంగతి) యూనిట్ దగ్గరికి రాగానే అవే ప్రశ్నలు వస్తాయి. క్లాసులో నోరు విప్పని వాళ్లు రాత్రి పదింటికి వాట్సాప్‌లో అడుగుతారు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి విసుగొచ్చి, ఒకచోట రాసి ఉంచుతున్నాను. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క ముక్క. పిల్లలు అడిగిన మాటలను చాలావరకు మార్చలేదు.

సార్, గా మిథైల్ అసలు ఎంతుంటది?

ఒక కార్బన్, దానికి మూడు హైడ్రోజన్లు. అంతే. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ (సీ) వలయంలో అయిదో కార్బన్ మీదున్న ఒక హైడ్రోజన్‌ను తీసేసి ఆ జాగలో ఇది కూర్చుంటుంది. బరువులో తేడా 14 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత). ఒక్క సైటోసిన్ న్యూక్లియోటైడే మూడు వందల డాల్టన్లు దాటుతుంది కాబట్టి, ఇది క్వింటాల్ బస్తా మీద నాలుగైదు కిలోలు ఎక్కువ వేసినట్టు.

అది కూర్చునే చోటు ముఖ్యం. ఎదురు అక్షరమైన గ్వానిన్ (జీ)తో జత కట్టే వైపు మిథైల్ ఉండదు. అందుకే మిథైల్ పడినా మూడు హైడ్రోజన్ బంధాలూ అట్లాగే ఉంటాయి, అక్షరం మారదు. డీఎన్‌ఏ మెట్ల వరస బయటి అంచున, పెద్ద గాడి అని మనం చెప్పుకునే సందులోకి అది పొడుచుకొని ఉంటుంది. చాలా ప్రొటీన్లు డీఎన్‌ఏ వరుసను చదవడానికి వేలు పెట్టే సందు కూడా అదే.

ఇంకో సంగతి. థైమిన్‌కు కూడా అయిదో కార్బన్ మీద మిథైల్ ఉంటుంది. థైమిన్ అంటే మిథైల్ తగిలించిన యురాసిలే కదా. కాబట్టి గాడిలో మిథైల్ తగలడం ప్రొటీన్లకు కొత్తేమీ కాదు. సైటోసిన్ మీద తగలడమే విశేషం.

ప్రతి సైటోసిన్ మీదా పడుతుందా?

పడదు. మన ఒంట్లో ఎక్కువగా సీ తర్వాత వెంటనే జీ వచ్చే చోట పడుతుంది. దాన్నే సీపీజీ అంటాం. మధ్యలో ‘పీ’ అంటే ఫాస్ఫేట్, ఇంకే రహస్యమూ లేదు. మనిషి జీనోమ్‌లో ఇట్లాంటి చోట్లు సుమారు 2.8 కోట్లు, వాటిలో 70 నుంచి 80 శాతం దాకా మిథైల్ పడి ఉంటాయి. ప్రమోటర్ల (జన్యువును మొదలుపెట్టే చోట్ల) దగ్గర గుంపుగా ఉండే సీపీజీ దీవులు మాత్రం చాలావరకు ఖాళీగా ఉంటాయి.

సీజీని ఎదురు పోగు మీద చదివినా సీజీయే వస్తుంది. అందుకని మిథైల్ జంటగా పడుతుంది, పైపోగు మీద ఒకటి, కిందిపోగు మీద ఒకటి. ఈ జంట సంగతి గుర్తుపెట్టుకోండి, కింద రెండుసార్లు పనికొస్తుంది.

నాలుగే పరమాణువులున్న దాన్ని ప్రొటీన్ ఎట్లా కనిపెడుతుంది?

అసలు ప్రశ్న ఇదే. పరీక్షలో పిల్లలు రాసే జవాబు: “ప్రొటీన్‌లో ఒక గుంట ఉంటుంది, మిథైల్ అందులో తాళంచెవిలా దూరుతుంది.” ఎక్కువ ప్రొటీన్ల విషయంలో ఇది తప్పు. మార్కులు కోస్తాను కూడా.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. ఖరీదుదారు బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూరుస్తాడు. ఒక గుప్పెడు పట్టి నలుపుతాడు. తొడిమ విరిగే చప్పుడు, వేలికి తగిలే మెత్తదనం, అరచేతికి అంటే చల్లదనం, అన్నీ ఒకేసారి తెలుస్తాయి, తేమ ఎంతుందో చెప్పేస్తాడు. నీళ్లను విడిగా చూసిందీ లేదు, కొలిచిందీ లేదు. తేమ వల్ల మిగతావి ఎట్లా మారాయో పట్టి చూసి చెప్పాడు.

ప్రొటీన్ చేసే పని దీనికి దగ్గరగా ఉంటుంది. దానికి కళ్లు లేవు, తడిమి తెలుసుకోవాల్సిందే.

అందరికన్నా బాగా అర్థమైన మెక్‌పీ2 అనే ప్రొటీన్‌నే తీసుకుందాం. 1992లో శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం ఈ ప్రొటీన్‌ను పట్టుకుంది. ఇందులో మిథైల్ డీఎన్‌ఏను పట్టే భాగం పేరు ఎంబీడీ, సుమారు 80 అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల) ముక్క. ఆ ముక్కలో పని చేసే వేళ్లు రెండు: 111వ స్థానంలో ఒక ఆర్జినిన్ (ఒక అమైనో ఆమ్లం), 133వ స్థానంలో ఇంకో ఆర్జినిన్. ఇవి పెద్ద గాడిలోకి దిగి పట్టుకునేది దేన్నో తెలుసా? మిథైల్‌ను కాదు, పక్కనున్న గ్వానిన్‌ను. ఒక్కో ఆర్జినిన్ ఒక్కో గ్వానిన్‌తో రెండేసి హైడ్రోజన్ బంధాలు కడుతుంది. సీజీ జంట కదా, రెండు పోగుల మీద రెండు గ్వానిన్లు ఉంటాయి, ఇద్దరికీ పని దొరుకుతుంది.

మరి మిథైల్ ఏం చేస్తుంది? ఆర్జినిన్ తల భాగం పలకలా చదునుగా ఉంటుంది. గ్వానిన్‌ను పట్టుకుని నిలబడ్డ ఆ పలకకు, ముందు అక్షరమైన సైటోసిన్ మీది మిథైల్ పక్క నుంచి ఆనుకుంటుంది. పలకకూ మిథైల్‌కూ నడుమ పొందిక బాగా కుదురుతుంది. మిథైల్ సైటోసిన్, ఆర్జినిన్, గ్వానిన్ ముగ్గురూ కలిసి ఒక ముక్కాలిపీట. మిథైల్ లేకపోతే పీట కూలిపోదు, ఊగుతుంది. 111వ ఆర్జినిన్ అటూ ఇటూ కదలకుండా వెనక నుంచి 121వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే ఇంకో అమైనో ఆమ్లం పట్టి ఉంచుతుంది.

ఈ ఏర్పాటు వల్లే ‘సీ తర్వాత జీ’ అన్న షరతు వచ్చింది. గ్వానిన్ లేకుంటే ఆర్జినిన్‌కు పట్టు దొరకదు, మిథైల్ లేకుంటే ఆ పట్టు బిగువు తగ్గుతుంది. రెండూ ఉన్న చోటే చెయ్యి కాస్త ఎక్కువసేపు ఆగుతుంది.

మిథైల్ నీళ్లంటే గిట్టని గుంపు కదా. మరి ఆ జాగలో నీళ్లెందుకున్నాయి?

మంచి ప్రశ్న, ఏడాదికి ఒక్కరే అడుగుతారు. మెక్‌పీ2 ఎంబీడీ డీఎన్‌ఏను పట్టుకుని ఉన్న స్ఫటిక నిర్మాణం 2008లో బయటికొచ్చింది. మిథైల్ చుట్టూ నూనెలాంటి జిడ్డు గుంట ఉంటుందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే మిథైళ్లకు ఎదురుగా ఉన్నది ఎక్కువగా నీటితో పొసగే తలం, అందులో గట్టిగా కూర్చున్న నీటి అణువులు. మిథైల్ హైడ్రోజన్లకూ ఆ నీటి ఆక్సిజన్లకూ మధ్య బలహీనమైన లాగుడు ఉంటుంది. మిథైల్ ఉండడం వల్ల నీళ్ల వరుస ఒక పద్ధతిలో సర్దుకుంటుంది, ప్రొటీన్ ఆ సర్దుబాటును కూడా చదువుతుంది.

తేమ పోలిక ఊరికే తేలేదని ఇప్పుడు తెలిసిందా.

ఈ పని ఒక్క ఎంబీడీయే చేస్తుందా?

మూడు తీరుల ప్రొటీన్లు చేస్తాయి.

ఎంబీడీ కుటుంబం గురించి చెప్పాను: మెక్‌పీ2, ఎంబీడీ1, ఎంబీడీ2, ఎంబీడీ4 మిథైల్ సీపీజీని పట్టుకుంటాయి. ఎంబీడీ4కు ఇంకో పని ఉంది. మిథైల్ సైటోసిన్ నుంచి అమైనో గుంపు ఊడిపోతే అది థైమిన్ అవుతుంది, అంటే అక్షరమే మారిపోతుంది. అట్లా జీ ఎదురుగా తప్పుగా వచ్చి కూర్చున్న థైమిన్‌ను ఎంబీడీ4 కోసి తీస్తుంది. ఈ మరమ్మతు అన్నిసార్లూ సమయానికి జరగదు. కోట్ల ఏళ్లలో మన జీనోమ్‌లో సీపీజీలు ఉండాల్సినన్ని లేకుండా తరిగిపోవడానికి కారణం అదే.

రెండోది జింక్ ఫింగర్ ప్రొటీన్లు. కైసో ఒకటి. ఇది వరుసగా రెండు మిథైల్ సీపీజీలు ఉన్న చోటును ఇష్టపడుతుంది. విచిత్రమేమంటే మిథైలే లేని ఇంకో వరుసను కూడా పట్టగలదు. జడ్‌ఎఫ్‌పీ57 అంతకన్నా పట్టింపు మనిషి: టీజీసీసీజీసీ అన్న ఆరక్షరాల వరుస ఉండాలి, అందులోని సీపీజీకి మిథైల్ ఉండాలి. తల్లి నుంచి వచ్చిందా తండ్రి నుంచి వచ్చిందా అన్న ముద్రను పిండం తొలి రోజుల్లో చెరిగిపోకుండా కాపాడే పని దీనిది.

మూడోది ఎస్‌ఆర్‌ఏ అనే భాగం ఉన్న తీరు. దానికి విడిగా ఒక ప్రశ్న ఇస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఎంబీడీ3 కూడా పట్టుకుంటుందని రాస్తే తప్పా?

పాలిచ్చే జంతువుల విషయంలో తప్పే. పేరులో ఎంబీడీ ఉన్నా, పట్టుకునే చోట ఒక టైరోసిన్ ఫినైల్‌అలనిన్‌గా మారి పట్టు పోయింది. నెట్, సెట్ పరీక్షలు రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

డీఎన్‌ఏ కాపీ అయినప్పుడు కొత్త పోగు మీద మిథైల్ ఉండదు కదా. ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

యూహెచ్‌ఆర్‌ఎఫ్1 అనే ప్రొటీన్‌కు. కాపీ అయిన వెంటనే పాత పోగు మీద మిథైల్ ఉంటుంది, కొత్త పోగు మీద ఉండదు. వరంగల్ కొత్తవాడలో దర్రీ నేసేవాళ్లు నమూనాలో ఒక సగం చూసి రెండో సగాన్ని అద్దంలో పెట్టినట్టు నేస్తారు. కణానికీ అట్లాంటి చూపరి ఒకరు కావాలి.

ఈ ప్రొటీన్‌లోని ఎస్‌ఆర్‌ఏ భాగం చేసే పని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పైపైన తడమడంతో ఊరుకోదు. మిథైల్ ఉన్న సైటోసిన్‌ను డీఎన్‌ఏ మెలిక లోపలి నుంచి బయటికి తిప్పి తన గుంటలో పెట్టుకుంటుంది. మెట్ల వరస నుంచి ఒక మెట్టును ఊడబెరికి పక్క సంచిలో వేసుకున్నట్టు. ఇక్కడ మాత్రం ‘మిథైల్ గుంటలో దూరుతుంది’ అన్న జవాబుకు మార్కులిస్తాను. మెట్టు పోయిన ఖాళీలోకి చిన్న గాడి వైపు నుంచీ పెద్ద గాడి వైపు నుంచీ ప్రొటీన్ తన మెలికలను జొనిపి కూలకుండా ఆపుతుంది. పెద్ద గాడి వైపు మెలిక ఇంకో తనిఖీ కూడా చేస్తుంది: ఎదురు పోగు సైటోసిన్ మీద కూడా మిథైల్ ఉంటే అది తగిలి ఇరుకవుతుంది, పట్టు సరిగా కుదరదు. అందుకే సగం మిథైల్ ఉన్న చోటే దీనికి ఇష్టం. 2008లో మూడు బృందాలు ఈ నిర్మాణాన్ని దాదాపు ఒకేసారి ప్రకటించాయి.

యూహెచ్‌ఆర్‌ఎఫ్1 కూర్చున్నాక పక్కనున్న హిస్టోన్ హెచ్3కి (హిస్టోన్లంటే డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్లు) యూబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు చూసి డీఎన్‌ఎంటీ1 ఎంజైమ్ వచ్చి రెండో పోగు మీద మిథైల్ పెడుతుంది.

మిథైల్ పడితే జన్యువు బంద్ అయినట్టేనా?

ప్రమోటర్ దగ్గర సీపీజీ దీవి మీద గట్టిగా పడితే, చాలాసార్లు అవును. మెక్‌పీ2 లాంటిది వచ్చి కూర్చుంటుంది, తన రెండో చేత్తో ఎన్‌కార్ అనే గుంపును పిలుచుకొస్తుంది, ఆ గుంపు హిస్టోన్ల మీది అసిటైల్ గుర్తులు తీయించి క్రోమాటిన్‌ను (డీఎన్‌ఏ, హిస్టోన్ల చుట్టను) బిగిస్తుంది.

పట్టుకోవడం లాగానే పట్టనివ్వకపోవడం కూడా ఒక పని. సీటీసీఎఫ్ అనే ప్రొటీన్‌కు మిథైల్ ఉంటే తన చోట పట్టు దొరకదు. హెచ్19, ఐజీఎఫ్2 జన్యువుల మధ్య జరిగే నాటకం అంతా దీని మీదే నడుస్తుందని 2000లో తేలింది. తల్లి ఇచ్చిన ప్రతిలో మిథైల్ ఉండదు, సీటీసీఎఫ్ కూర్చుని ఐజీఎఫ్2కు అడ్డుగోడ కడుతుంది. తండ్రి ప్రతిలో మిథైల్ ఉంటుంది, సీటీసీఎఫ్ రాదు, గోడ లేదు, ఐజీఎఫ్2 నడుస్తుంది.

‘మిథైల్ అంటే బంద్’ అని పిల్లల తలకెక్కించింది మా తరం లెక్చరర్లమే, ఒప్పుకోవాలి. 2017లో యుస్సి తైపాలె బృందం 542 మానవ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లను (జన్యువులను నడిపే, ఆపే ప్రొటీన్లను) తీసుకుని, ఒక్కోటి మిథైల్ ఉన్న, లేని డీఎన్‌ఏల్లో దేన్ని ఎంచుకుంటుందో చూసింది. కొన్ని కుటుంబాలు మిథైల్ పడితే వెనక్కి తగ్గాయి. హోమియోడొమెయిన్ లాంటి మరికొన్ని, పిండం ఎదుగుదలను నడిపేవి, మిథైల్ ఉంటేనే ఎక్కువ ఇష్టపడ్డాయి. మా పాత నోట్సు ఉంటే ఆ పేజీ చింపేయండి.

మిథైల్ కొద్దిగా మారితే? హైడ్రాక్సీమిథైల్ అంటారు కదా?

టెట్ ఎంజైములు మిథైల్ మీద ఒక ఆక్సిజన్ ఎక్కిస్తాయి. 2009 నుంచి మనకు తెలుసు. ఎంబీడీల్లో ఎక్కువవాటికి అప్పుడు పట్టు బాగా తగ్గుతుంది. మెక్‌పీ2 విషయంలో మాత్రం ల్యాబ్‌ల మధ్య మాట కుదరలేదు.

ల్యాబ్‌లో ఈ పట్టును కంటితో ఎట్లా చూస్తాం?

జెల్ షిఫ్ట్ చెయ్యండి. లేబుల్ వేసిన చిన్న డీఎన్‌ఏ ముక్క జెల్‌లో వేగంగా కిందికి పరిగెత్తుతుంది. ప్రొటీన్ పట్టుకుంటే బరువెక్కి పైనే ఆగిపోతుంది. మిథైల్ ఉన్న ముక్క ఒక లేన్‌లో, లేని ముక్క పక్క లేన్‌లో వేస్తే తేడా పచ్చిగా కనబడుతుంది.

నా మొదటి జెల్ సంగతి చెప్తాను. పీహెచ్‌డీ రోజులు, మే నెల. స్పైరోప్లాస్మా నుంచి తీసిన మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్‌తో ప్రోబ్‌కు (లేబుల్ వేసే ఆ డీఎన్‌ఏ ముక్కకు) మిథైల్ పెట్టాను. పడిందో లేదో హెచ్‌పీఏ2 అనే, డీఎన్‌ఏను కోసే ఎంజైమ్‌తో కోసి చూశాను. సీసీజీజీ దగ్గర మిథైల్ ఉంటే అది కొయ్యదు, ఎంఎస్‌పీ1 మాత్రం ఉన్నా లేకున్నా కోస్తుంది. అంతా బాగుంది. జెల్ నడిపితే ఏ లేన్‌లోనూ బ్యాండ్ పైకి రాలేదు. ప్రొటీన్ చచ్చిపోయిందనుకుని మళ్లీ తయారుచేశాను. కరెంటు పోయి జెల్ వేడెక్కిందనుకుని కోల్డ్ రూమ్‌లోకి మార్చాను. మూడు వారాలు పోయాయి.

తప్పు ఎక్కడంటే, అడ్డదిడ్డంగా అంటుకునే ప్రొటీన్‌ను పీల్చడానికి పక్కన కలిపే డీఎన్‌ఏలో. ఫ్రీజర్‌లో చేతికి దొరికిన సాల్మన్ చేప డీఎన్‌ఏ కలిపాను. చేప వెన్నెముక ఉన్న జీవి, దాని డీఎన్‌ఏలో మిథైల్ సీపీజీలు బోలెడు. నా ప్రొటీన్ అంతా నా ప్రోబ్‌ను వదిలేసి చేప దగ్గరికి పోయింది! ఈ.కోలై డీఎన్‌ఏలో సీపీజీ మిథైలేషన్ ఉండదు, దాన్ని కలిపాక ఆ రోజు సాయంత్రమే మిథైల్ లేన్‌లో బ్యాండ్ నిలబడింది.

ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది ఏ యూనిట్‌లోనూ లేదు. ప్రొటీన్ మిథైల్ లేని డీఎన్‌ఏను కూడా కొంత పట్టుకుంటుంది. ఉన్నదాన్ని ఎన్ని రెట్లు ఎక్కువ పడుతుందన్నది ప్రొటీన్‌ను బట్టి, ఉప్పు గాఢతను బట్టి, పరీక్ష పద్ధతిని బట్టి కొన్ని రెట్ల నుంచి వంద రెట్లకు పైగా మారుతుంది. చుట్టూ ఇంకేం డీఎన్‌ఏ పోటీకి ఉందో చెప్పకుండా ‘గుర్తుపట్టింది’ అంటే ఆ మాటకు అర్థం లేదు.

రెట్ సిండ్రోమ్‌కు దీనికీ సంబంధం ఏంటి సార్? మా బంధువుల పాపకు అదే అన్నారు.

ఆరు నుంచి పద్దెనిమిది నెలల దాకా మామూలుగా ఎదిగిన పాప, తర్వాత నేర్చుకున్న మాటలు, చేతి పనులు పోగొట్టుకుంటుంది. చేతులు నులుముకుంటూ ఉంటుంది. సుమారు పది వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. 1966లో ఆండ్రియాస్ రెట్ దీన్ని వర్ణించారు. కారణం మెక్‌పీ2 జన్యువులో మార్పు అని 1999లో హుడా జోగ్బీ బృందం తేల్చింది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

మార్పులు ఎక్కడ పడతాయో చూస్తే పైన చెప్పిన కథే మళ్లీ కనిపిస్తుంది. 133వ ఆర్జినిన్ సిస్టీన్ అయిపోతే డీఎన్‌ఏను పట్టే వేలు పోయినట్టు. ఎక్కువమందిలో కనిపించే 158వ థ్రియోనిన్ మార్పు నేరుగా వేలు కాదు, మణికట్టు సడలినట్టు. 306వ ఆర్జినిన్ పోతే డీఎన్‌ఏ పట్టు బాగానే ఉంటుంది, ఎన్‌కార్‌ను పట్టే రెండో చెయ్యి పోతుంది. ఏ చెయ్యి పోయినా వంతెన తెగినట్టే, జబ్బు అదే.

ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ‘మా వంశంలో ఉందా’ అని. చాలావరకు ఉండదు. ఎక్కువ కేసుల్లో కొత్తగా వచ్చిన మార్పే, అది కూడా ఎక్కువగా తండ్రి బీజకణంలో. తల్లి ఏదో తిన్నదనో, గ్రహణం చూసిందనో అనేవాళ్ల నోరు మూయించండి.

2007లో బర్డ్ బృందం ఎలుకల్లో మూగబోయిన మెక్‌పీ2ను పెద్దయ్యాక తిరిగి పని చేయిస్తే లక్షణాలు చాలావరకు వెనక్కి పోయాయి. అంటే నరకణాలు చచ్చిపోలేదు, ఆగి ఉన్నాయి. మనుషుల్లో ఆ పని అంత తేలిక కాదు, ఎందుకంటే మెక్‌పీ2 రెట్టింపైనా జబ్బే వస్తుంది, అది ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. 2023లో అమెరికాలో ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతి వచ్చింది, లక్షణాలు కొంత తగ్గించడానికి మాత్రమే. పాప విషయం పిల్లల న్యూరాలజిస్ట్‌తో మాట్లాడండి, జన్యు పరీక్ష చేయించండి. నేను డాక్టర్‌ను కాను.

మిర్చి చెట్టులో కూడా ఇదంతా ఉంటదా?

ఉంటుంది, ఇంకా ఎక్కువే. మొక్కల్లో సీజీ మీదే కాకుండా వేరే వరుసల్లోని సైటోసిన్ల మీద కూడా మిథైల్ పడుతుంది, వాటికి ఎంబీడీలూ ఎస్‌ఆర్‌ఏలూ ఉన్నాయి. టమాట పండేటప్పుడు కొన్ని జన్యువుల దగ్గర మిథైల్ తొలగిపోవడం బాగా రుజువైన సంగతి. అదే పండుఈగలో సీపీజీ మిథైలేషన్ దాదాపు లేదు, తేనెటీగలో ఉంది.

తోటకూర, పాలకూర తింటే మిథైలేషన్ పెరుగుతుందంటారు?

మిథైల్ గుంపు ఎస్-అడెనోసిల్ మెథియోనిన్ నుంచి వస్తుంది. అది తయారవ్వాలంటే ఫోలేట్, బీ12 కావాలి. అంతవరకు నిజం. ఏ జన్యువు మీద పడాలో కూర చెప్పదు. ఆకుకూర తినండి, వేరే మంచి కారణాలు చాలా ఉన్నాయి.

ఇదంతా బొమ్మలో చూసి అర్థం చేసుకోవాలంటే?

పైసా ఖర్చు లేదు. ప్రొటీన్ నిర్మాణాలు దాచి ఉంచే పీడీబీ సైట్‌లో 3సీ2ఐ అని కొట్టండి. మెక్‌పీ2 ఎంబీడీ డీఎన్‌ఏను పట్టుకుని ఉన్న నిర్మాణం వస్తుంది. ఫోన్‌లోనే తిప్పి చూడొచ్చు. ప్రొటీన్‌ను రిబ్బన్‌లా పెట్టి, 111, 133 ఆర్జినిన్లను మాత్రం పుల్లల్లా పెట్టండి. రెండు పోగుల మీదా మిథైల్ సైటోసిన్‌ను వెతకండి, అయిదో కార్బన్ మీద ఒక చిన్న కొమ్ము పొడుచుకొని ఉంటుంది. 133 పలక ఆ కొమ్ము పక్కన ఎట్లా ఆనిందో దగ్గరికి జరిపి చూడండి.

చాలామంది బొమ్మ నీట్‌గా ఉండాలని నీటి అణువులను దాచేస్తారు. దాచకండి. అవి ఎర్ర చుక్కల్లా కనిపిస్తాయి. మిథైల్‌కూ ప్రొటీన్‌కూ నడుమ ఉన్న చుక్కల దగ్గర ఆగి దూరం కొలవండి, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి. రాత్రి పదింటికైనా పర్లేదు.